నీహారికలో రంగు కంటికి కనిపించాలంటే: తిరుపతి మిద్దె మీద నుంచి మొదలుపెట్టండి

ఆకాశంలో వెలిగే వాయుమేఘమైన ఓరియన్ నీహారిక ఫోటోలో ఎర్రగా, ఊదాగా నిగనిగలాడుతూ ఉంటుంది. అదే నీహారికను ఎనిమిదంగుళాల అద్దమున్న టెలిస్కోపులో చూస్తే బూడిదరంగు పొగలా ఉంటుంది. కొత్తగా టెలిస్కోపు కొన్నవాళ్లు చాలామంది ఇక్కడే నీరుగారిపోతారు. అద్దం నాసిరకమేమో అనుకుంటారు, ఇంకా పెద్దది కొనాలేమో అనుకుంటారు. అద్దాన్ని అనుమానించే ముందు కంటి సంగతి తెలుసుకోవాలి. నీహారికల్లో కొన్నిటి రంగు మామూలు కంటికి, మామూలు టెలిస్కోపులో నిజంగానే కనిపిస్తుంది. ఏ నీహారికను ఎంచుకోవాలి, ఏ ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) వేయాలి, చూపు ఎక్కడ నిలపాలి అన్న మూడు సంగతులు కుదరాలి, అంతే.

ముందు మందారంతో

టెలిస్కోపు జోలికి పోకముందు ఒక సాయంత్రం ఈ పని చేయండి. ఎర్ర మందారం పూసిన కుండీని మిద్దె మీద, వీధిలైటు పడని గోడమూలకు జరపండి. సూర్యుడు కుంకే వేళకు దాని ముందు కూర్చోండి. ఫోను ఇంట్లోనే పెట్టి రండి. మొదట పువ్వు ఆకుల కంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలకు ఎరుపు మందగిస్తుంది. అరగంట దాటాక పువ్వు నల్లబడిపోతుంది, ఆకులేమో పాలిపోయిన బూడిదరంగులో పువ్వు కంటే వెలుగ్గా ఉంటాయి. పువ్వు మారలేదు, ఆకూ మారలేదు. చూసే కణాలు మారాయి. 19వ శతాబ్దం మొదట్లో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే దీన్ని గమనించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. టెలిస్కోపు దగ్గర జరిగేదంతా ఈ మందారం దగ్గర జరిగినదే.

మన రెటీనాలో, అంటే కంటి వెనుక తెరలో, సుమారు 60 లక్షల శంకుకణాలు, 12 కోట్ల దండకణాలు ఉంటాయి. రంగు తెలిసేది శంకుకణాలకే, కానీ వాటికి వెలుగు కావాలి. దండకణాలకు కాస్త వెలుగు చాలు, కానీ అవన్నీ ఒకే రకం కాబట్టి రంగు తేడా చెప్పలేవు. వాటిలోని రోడాప్సిన్ అనే పదార్థం విటమిన్ ఎ నుంచి తయారవుతుంది. ఆ విటమిన్ కొరవడితే రేచీకటి వస్తుంది. దండకణాలు 507 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే నీలిపచ్చ వెలుగులో బాగా పనిచేస్తాయి. పట్టపగటి చూపు 555 దగ్గర, పసుపు కలిసిన పచ్చలో పదునుగా ఉంటుంది.

ఇప్పుడు నీహారిక వైపు నుంచి చూద్దాం. వేడెక్కిన వాయువు అన్ని రంగుల్లోనూ వెలగదు, కొన్ని గీతల్లోనే వెలుగుతుంది. హైడ్రోజన్ ఎర్రగీత 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, ఫోటోలో కనిపించే ఎరుపులో ఎక్కువ భాగం ఇదే. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ గీతలు 495.9, 500.7 దగ్గర ఉంటాయి. ఇవి నీలిపచ్చ. ఎర్రగీతను దండకణాలు దాదాపు గుర్తించవు, వాటి గరిష్ఠ స్పందనలో వెయ్యోవంతు కూడా ఉండదు. శంకుకణాలు కూడా ఆ ఎరుపును తమ గరిష్ఠంలో పదోవంతు కంటే తక్కువగానే అందుకుంటాయి. ఆక్సిజన్ గీతలు మాత్రం దండకణాలకు సరిగ్గా నడిమధ్యలో తగులుతాయి, శంకుకణాలకూ చెప్పుకోదగ్గంతగా అందుతాయి. అందుకే కంటికి రంగు చిక్కితే ముందు చిక్కేది పచ్చ లేదా నీలిపచ్చ. ఎరుపు కోసం మొదటి రాత్రే వెతకడం వృథా ప్రయాస.

ఆ పచ్చకు ఒక చరిత్ర ఉంది. 1864 ఆగస్టు 29న ఇంగ్లండ్ ఖగోళవేత్త విలియం హగ్గిన్స్ ఎన్‌జీసీ 6543 (ఆకాశవస్తువుల జాబితాలో సంఖ్య) నీహారిక కాంతిని పట్టకంతో విడదీసి చూస్తే పచ్చటి గీతలు కనిపించాయి. వాటిలో అతి వెలుగైన గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు, దాంతో ‘నెబ్యూలియం’ అనే కొత్త మూలకాన్ని ఊహించుకున్నారు. 1927లో అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ఐరా బోవెన్ అది ఆక్సిజనేనని తేల్చాడు. వాయువు అతి పలచగా ఉన్నచోట మాత్రమే ఆ గీత వెలువడుతుంది. మీ ఐపీస్‌లో కనిపించే పచ్చ అదే.

గరిటెడు పిండి, పెనం వెడల్పు

ఇక అందరూ చేసే తప్పు: రంగు కనిపించడం లేదని మాగ్నిఫికేషన్ పెంచుకుంటూ పోవడం.

గరిటెడు దోసెపిండిని చిన్నగా తిప్పితే దోసె మందంగా వస్తుంది, పెనమంతా తిప్పితే పలచబడిపోతుంది. పిండి మాత్రం అంతే. టెలిస్కోపు తెచ్చిన కాంతి ఆ గరిటెడు పిండి. ఎనిమిదంగుళాల అద్దం, 7 మిల్లీమీటర్లు తెరుచుకున్న కనుపాప కంటే సుమారు 840 రెట్లు ఎక్కువ కాంతిని పోగుచేస్తుంది. కానీ బొమ్మను పెద్దది చేసేకొద్దీ ఆ కాంతి అంత వెడల్పున పరుచుకుంటుంది. నక్షత్రం చుక్క కాబట్టి పరుచుకోదు. అందుకే రోహిణి, ఆరుద్ర, జ్యేష్ఠ నక్షత్రాల నారింజ ఛాయ ఉత్త కంటికే తెలుస్తుంది. నీహారిక పరుచుకుని ఉండేది కాబట్టి ఏ టెలిస్కోపూ దాని తలాన్ని ఉత్త కంటికి ఉన్నదానికంటే ఎక్కువ వెలిగించలేదు. జావాది కొండల్లో, చిత్తూరుకు అంత దూరం కాని కావలూరులో 2.34 మీటర్ల వేణు బాపు టెలిస్కోపు ఉంది. దానికి ఐపీస్ బిగించి చూసినా ఇదే నియమం. పెద్ద అద్దం వల్ల లాభం వేరే ఉంది: అదే మందంతో ఇంకా పెద్ద దోసె వస్తుంది. బొమ్మ పెద్దదైతే శంకుకణాలు ఎక్కువ సంఖ్యలో కలిసి పనిచేస్తాయి, రంగు తేలిగ్గా దొరుకుతుంది.

దీన్ని కొలవడానికి ఎగ్జిట్ ప్యూపిల్ అనే లెక్క వాడతాం. ఐపీస్ నుంచి బయటికొచ్చే కాంతికట్ట వెడల్పు అది. ఐపీస్ మీద రాసి ఉండే ఫోకల్ లెంగ్తును టెలిస్కోపు ఎఫ్ నిష్పత్తితో (టెలిస్కోపు ఫోకల్ లెంగ్తును అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది) భాగిస్తే వస్తుంది. ఎక్కువమంది దగ్గర ఉండే ఎనిమిదంగుళాల ఎఫ్/6 డాబ్సోనియన్, అంటే సులువైన పీఠం మీద తిరిగే అద్దపు టెలిస్కోపు (203 మిమీ అద్దం, 1200 మిమీ ఫోకల్ లెంగ్త్) లెక్క ఇది: 25 మిమీ ఐపీస్ వేస్తే 48 రెట్లు, కాంతికట్ట 4.2 మిమీ. 15తో 80 రెట్లు, 2.5 మిమీ. 10తో 120 రెట్లు, 1.7 మిమీ. 6తో 200 రెట్లు, 1 మిమీ. తలం మీది వెలుగు ఈ వెడల్పు వర్గాన్ని బట్టి మారుతుంది. 48 నుంచి 120కి పోతే నీహారిక ఆరు రెట్లకు పైగా మసకబారుతుంది. రంగు ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది కదా.

కాంతికట్ట మీ కనుపాప కంటే వెడల్పుంటే మిగతాది కంటి బయటే పడిపోతుంది. యువకుల కనుపాప చీకట్లో 7 మిమీ దాకా తెరుచుకుంటుంది, యాభై ఏళ్లకు 5 దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి పెద్ద నీహారికలకు 4 నుంచి 5 మిమీ, చిన్న గ్రహ నీహారికలకు (అవేమిటో కింద చెబుతాను) 1.5 నుంచి 2.5 మిమీ దగ్గర మొదలుపెట్టండి.

ఊళ్లో నుంచే చూడగలిగినవి

చనిపోతున్న నక్షత్రం విసిరిన వాయువే గ్రహ నీహారిక. చిన్నగా, చిక్కగా ఉంటుంది, ఆక్సిజన్ పచ్చలోనే ఎక్కువ వెలుగుతుంది. పిండి చిన్న దోసెలో ముద్దగా ఉన్నట్టు. అందుకే తిరుపతి ఊరి వెలుగులో కూడా వీటి రంగు పోదు. మొదటి ప్రయత్నానికి ఇవే తగినవి. ఓరియన్ నీహారికతో మొదలుపెట్టి నిరాశపడేవాళ్లు వీటిని దాటేసి పోతున్నారు.

ఏప్రిల్‌లో ఎన్‌జీసీ 3242 చూడండి. రాత్రి తొమ్మిది ప్రాంతంలో దక్షిణాన 58 డిగ్రీల ఎత్తున ఉంటుంది. హస్త నక్షత్రపు నాలుగు చుక్కల నుంచి పడమటికి, చాచిన చేతి పిడికిళ్లు రెండున్నర కొలిస్తే మ్యూ హైడ్రే అనే ఒక మాదిరి వెలుగున్న నక్షత్రం వస్తుంది. దానికి దక్షిణంగా రెండు డిగ్రీలకు కొంచెం తక్కువ దూరంలో నీహారిక ఉంటుంది. 48 రెట్ల దగ్గర ఫోకస్ కుదరని నక్షత్రంలా కనిపిస్తుంది. దాన్ని చూసి ఫోకస్ తిప్పేస్తారు చాలామంది. పక్కన ఉన్న నక్షత్రాలు సూదిమొనల్లా ఉండి అదొక్కటే ఉబ్బుగా ఉంటే అదే నీహారిక. 120 రెట్లకు వెళితే ఉత్త కంటికి కనిపించే చందమామ కంటే రెండున్నర రెట్లు వెడల్పున నీలిపచ్చ బిళ్ల నిలబడుతుంది.

ఫిబ్రవరి చివర్లో మిథునంలోని ఎన్‌జీసీ 2392 నడినెత్తికి వస్తుంది. తలం మీద వెలుగు కొంచెం తక్కువ, రంగు కూడా పలచనే. ఎన్‌జీసీ 6572 ఆరంగుళాల అద్దంలోనూ పచ్చగా ఉంటుంది. కాకపోతే సాయంత్రం వేళ పైకొచ్చేసరికి ఆగస్టు వస్తుంది, మబ్బుల కాలం. మే నెలలో అర్ధరాత్రి దాటాక చూడటం మేలు. ఎన్‌జీసీ 7662ను డిసెంబర్ చివర్లో, ఈశాన్య రుతుపవనం తగ్గాక, చీకటి పడగానే వాయవ్యంలో పట్టుకోవచ్చు. అది నీలం వైపు మొగ్గుతుంది. ఇంత చిన్నవాటిని వెతకడానికి స్టెల్లారియం లాంటి ఆకాశపటం యాప్ కావాల్సిందే. అభిజిత్ నక్షత్రం పక్కనున్న రింగ్ నీహారికకు పేరు గొప్ప, ఎనిమిదంగుళాల్లో రంగు మాత్రం దొరకదు. దాని కాంతి వెడల్పున పరుచుకుపోయింది.

చూపు ఎక్కడ నిలపాలి

ఆకారానికి ఓరచూపు, రంగుకు నేరుచూపు.

రెటీనా నడిమధ్యలో దండకణాలు లేవు, అక్కడ కిక్కిరిసినవి శంకుకణాలే. నడిమి నుంచి 15, 20 డిగ్రీల దూరంలో దండకణాలు దట్టంగా ఉంటాయి. అందుకే మసక అంచులు, వెలుగు ముడుతలు చూడాలంటే చూపును పక్కకు జరపాలి. కుడి కంటితో చూస్తుంటే కుడివైపుకు, ఎడమ కంటితో అయితే ఎడమవైపుకు. అంటే నీహారిక ముక్కు వైపు ఉండాలి. దీనికి ఎదురువైపు తిప్పితే కంట్లో చూపు లేని చోటైన అంధబిందువులో పడి మాయమైపోతుంది. టెలిస్కోపు గొట్టాన్ని వేలితో మెల్లగా తడితే బొమ్మ కదులుతుంది, కదిలేది దండకణాలకు ఇంకా బాగా పట్టుబడుతుంది. ఇదంతా ఆకారం కోసం.

రంగు కోసం దీనికి విరుద్ధంగా, నీహారిక అతి వెలుగ్గా ఉన్న ముక్కను సూటిగా చూడాలి. ఐదారు సెకన్లు చూసి, చూపు పక్కకు తీసి, మళ్లీ సూటిగా. ఓరచూపు మాత్రమే నేర్చుకున్న అనుభవజ్ఞులు కొందరు రంగు లేదని తేల్చేయడానికి కారణం ఇక్కడే ఉంది.

చీకటికి అలవాటు పడటంలోనూ ఇలాంటి మెలిక ఉంది. శంకుకణాలు పది నిమిషాల్లో తమ శక్తి మేరకు సర్దుకుంటాయి. దండకణాలకు అరగంట పైనే పడుతుంది. అవి పూర్తిగా మేల్కొన్నాక వాటి బూడిద వెలుగు శంకుకణాల పలచటి రంగును కప్పేస్తుంది. కాబట్టి రంగు చూడదలిస్తే లైట్లు ఆర్పిన పది, పదిహేను నిమిషాలకే ఒకసారి చూడండి. ఆకారం కోసం అరగంట దాటాక మళ్లీ రండి.

ఓరియన్ నీహారికతో ఒక రాత్రి

జనవరి చివరి వారం, అమావాస్యకు దగ్గరి రోజు ఎంచుకోండి. సూర్యాస్తమయం 6:10 ప్రాంతంలో అవుతుంది. దానికి అరగంట ముందే టెలిస్కోపును బయట పెట్టండి. పగలంతా ఎండకు కాగిన మిద్దె గచ్చు రాత్రి వేడి కక్కుతుంది, బొమ్మ ఉడికే నీళ్లలా కదులుతుంది. నీళ్లు చల్లి ఆరనివ్వండి, లేదా మట్టినేల మీద పెట్టండి. అద్దాల సర్దుబాటు వెలుగుండగానే చూసుకోండి.

ఊరు విడిచి వెళ్లేటట్టయితే పాకాల, పెనుమూరు వైపు, తెలిసినవాళ్ల మామిడితోట పక్క బయలు చాలు. ఓరియన్ దక్షిణాన 71 డిగ్రీల ఎత్తుకు వస్తుంది కాబట్టి తిరుపతి, అలిపిరి వెలుగులు వెనక్కి ఉండేలా చూసుకోండి. చీకటి కోసమని శేషాచలం అడవి అంచుకు పోవద్దు, చిరుతలు తిరుగుతాయి. పలమనేరు, కుప్పం వైపు ఆకాశం బాగుంటుంది గానీ ఏనుగులు పొలాల్లోకి వచ్చే ఊళ్లలో రాత్రి బయట ఉండకూడదు.

6:50కి, చీకటి ఇంకా పూర్తిగా పడకముందే, ఓరియన్ తూర్పు ఆగ్నేయంలో 45 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మూడు నక్షత్రాల నడికట్టు కింద వేలాడే చిన్న వరుసలో మధ్యది మసకగా ఉంటుంది, అదే ఓరియన్ నీహారిక, జాబితాలో దాని పేరు ఎం42. 25 మిమీ ఐపీస్ వేసి, నల్లటి గుడ్డ తలమీద నుంచి ఐపీస్ దాకా కప్పుకుని, ట్రపీజియం అనే నాలుగు నక్షత్రాల చుట్టూ ఉన్న వెలుగు ముక్కను సూటిగా చూడండి. అక్కడ పలచటి పచ్చ, పుచ్చకాయ లోపలి తెల్లతొక్కకూ పచ్చతొక్కకూ మధ్య ఉండే ఛాయ తగులుతుంది. 15 మిమీకి మార్చి ఇంకోసారి చూడండి. 10 దగ్గరికొచ్చేసరికి ఎక్కువమందికి పచ్చ పోయి బూడిద మిగులుతుంది. ఏ ఐపీస్ దగ్గర రంగు పోయిందో రాసుకోండి, అది మీ కంటి హద్దు. తర్వాత తొమ్మిదింటికి, నీహారిక నడినెత్తికి దగ్గరగా వచ్చాక, రెక్కలను ఓరచూపుతో చూడండి.

చూసింది నిజమేనా

ఇక్కడ జాగ్రత్త కావాలి, కన్ను మనల్ని సులువుగా మోసం చేస్తుంది. ఎర్ర టార్చితో పటం చూసి వెంటనే ఐపీస్‌కు కన్ను పెడితే బూడిదరంగు కూడా కాసేపు పచ్చగా కనిపిస్తుంది, ఎరుపుకు అలిసిన శంకుకణాల పని అది. టార్చికి ఎర్ర కాగితం రెండు మూడు పొరలు చుట్టి, అక్షరం కష్టంగా కనిపించేంత మసకగా వాడండి. పటం చూసే కన్నూ ఐపీస్ దగ్గరి కన్నూ వేరు చేసుకుంటే ఇంకా మంచిది. ఫోనులో ఎర్ర తెర పెట్టినా వెలుగు ఎక్కువే. నారింజ నక్షత్రం పక్కనున్న బూడిద మచ్చ కూడా నీలంగా తోస్తుంది.

పరీక్ష ఇలా చేయాలి. పచ్చ కనిపించిన ఐపీస్‌తోనే, ఓరియన్‌కు దిగువన లీపస్ అనే నక్షత్రమండలంలో ఉన్న ఎం79 నక్షత్ర గుచ్ఛానికి వెళ్లండి. లేదా పడమట ఉండే ఆండ్రోమెడా గెలాక్సీ నడిభాగానికి. వాటి కాంతి నక్షత్రాల కాంతి, అందులో ఆక్సిజన్ పచ్చ లేదు. అవి కూడా పచ్చగా కనిపిస్తే ఆ రాత్రి మీ కంటి మాట నమ్మకండి. అవి బూడిదగా ఉండి ఎం42 మాత్రమే పచ్చగా ఉంటే, మీరు చూసింది నిజమైన రంగే.

ఫిల్టర్ వాడి రంగు తేల్చకూడదు. ఓ-త్రీ ఫిల్టర్ ఆ పచ్చగీతలను తప్ప దాదాపు అన్నిటినీ ఆపేస్తుంది, దాంట్లోంచి ఏది చూసినా పచ్చే. దాన్ని వెతకడానికి వాడుకోండి: ఐపీస్‌కూ కంటికీ మధ్య పెట్టి తీస్తూ ఉంటే నక్షత్రాలు మసకబారుతాయి, గ్రహ నీహారిక నిలబడుతుంది. దొరికాక ఫిల్టర్ పక్కన పెట్టి రంగు చూడండి.

నలుగురు కలిసి చూస్తున్నప్పుడు ఎవరూ రంగు పేరు పైకి చెప్పొద్దు. ‘పచ్చగా ఉంది చూడు బావా’ అన్నాక బావకు పచ్చే కనిపిస్తుంది. ఒక్కొక్కరూ చూసి, చీటీ మీద రాసి మడిచి పెట్టి, చివర్లో విప్పుకోండి. పిల్లలను ముందు చూడనివ్వండి, వాళ్ల కళ్లు తేటగా ఉంటాయి. అరవై దాటిన తాతకు నీలం కనిపించకపోతే తప్పుబట్టకండి, వయసుతో కంటిలెన్సు పసుపుబారి నీలాన్ని పీల్చుకుంటుంది. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లకు మళ్లీ నీలం తెలియడం మామూలే.

ధనుర్మాసం మంచులో ఐపీస్ మీద ఊపిరి పట్టి పొగమంచు కమ్ముతుంది. అప్పుడు నక్షత్రాల చుట్టూ బూడిద వలయాలు వస్తాయి, ఉన్న రంగు కూడా పోతుంది. గుడ్డతో రుద్దితే పూత గీసుకుపోతుంది. ఐపీస్‌ను చొక్కా జేబులో ఐదు నిమిషాలు ఉంచితే ఒంటి వేడికే ఆరిపోతుంది. ఊపిరి బిగపట్టి చూడటం కూడా మానుకోండి, ఆక్సిజన్ తగ్గితే చీకట్లో చూపే ముందు మందగిస్తుంది.

ఎరుపు సంగతి చివరగా. పన్నెండు అంగుళాల ఎఫ్/5 అద్దం, 24 మిమీ ఐపీస్ (సుమారు 63 రెట్లు, 4.8 మిమీ), నల్లటి ఆకాశం ఉంటే ఎం42 వెలుగు ముక్క అంచుల్లో కొందరికి ఇటుకపొడి లాంటి లేత గోధుమ గులాబీ తగులుతుంది. ఫోటోలోని కుంకుమ ఎరుపు రాదు. కెమెరా నిమిషాల తరబడి కాంతిని కూడబెడుతుంది, చీకట్లో కన్ను సెకనులో పదోవంతు దగ్గరే ఆగిపోతుంది. పైగా ఎన్నో ఫోటోల రంగులు కేటాయించినవి. 1995 నాటి హబుల్ ఫోటో, ఎం16 నీహారికలోని వాయు స్తంభాలది, అందులో హైడ్రోజన్ ఎర్రగీతకే పచ్చ రంగు ఇచ్చారు. ఆ లేత గులాబీ కోసం చూసేటప్పుడు పచ్చ ముక్క నుంచి చూపును మెల్లగా అంచుకు తెచ్చి, అక్కడ నేరుగా నిలపండి. పచ్చ పక్కనే ఉంటే తేడా తెలుస్తుంది, అంచును ఒక్కదాన్నే చూస్తే బూడిదే.